పెట్టెలో పెట్టిన డచ్చి పాఠాలు

మా మరిది క్రీస్తుదాసు గురించి చెప్పమంటే ఊళ్లో ఎవరైనా రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మిషను ఆసుపత్రిలో డ్రెస్సరు పని చేశాడు, పెళ్లి చేసుకోలేదు. అంతే. నలభై ఏళ్లకి పైగా ఆ మనిషికి అన్నం వండిపెట్టాను కాబట్టి నాకు ఇంకాస్త తెలుసు. మనవరాలా రాణీ, నువ్వు రాసుకుంటూ పో. మధ్యలో నా మాటలు దిద్దకు. నేను మూడో తరగతి దాకానే వెళ్లాను, అదీ సగంలో మానేశాను. దిద్దించుకునే వయసు దాటిపోయింది.

దాసు మా ఆయనకి తమ్ముడు. నాకంటే రెండేళ్లు చిన్న. పొట్టి మనిషి, చెవుల మీద వెంట్రుకలు, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కత్తెర. పుండు మీద కట్టు విప్పడంలో అతని చెయ్యి అందరికీ తెలుసు. అంటుకుపోయిన గుడ్డని లాగేవాడు కాదు. గోరువెచ్చటి నీళ్లతో తడిపి, రోగితో కబుర్లు చెప్తూ, అరగంటయినా కూర్చుని, ఊడిందని తెలియకుండా ఊడదీసేవాడు. ఏజెన్సీ నించి దిగివచ్చిన వాళ్లు కూడా "ఆ పొట్టి అయ్య ఉంటేనే కట్టు విప్పించుకుంటాం" అని గుమ్మం దగ్గరే కూర్చునేవారు.

ఆ ఆసుపత్రికి అరవైల్లో హెన్నీ సిస్టరని ఒక డచ్చి ఆవిడ వచ్చింది. మాతో తెలుగు మాట్లాడేది, డాక్టరు గారితో ఇంగ్లీషు. ఉతికి ఆరేసిన కట్టుగుడ్డలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం తన భాషలో గొణుక్కునేది. దాసు ఆ లెక్క విన్నాడు. ఇరవైనాలుగు అనాలంటే ఆవిడ "ఫీర్ ఎన్ ట్వింటిఖ్" అనేదట. ఫీర్ అంటే నాలుగు, ట్వింటిఖ్ అంటే ఇరవై. నాలుగు ముందెందుకు వచ్చింది, ఇరవై వెనక్కెందుకు పోయింది అని అడిగాడు. అడగడం అదే మొదలు. ఆవిడ కట్టుగుడ్డల బుట్ట కింద పెట్టి, చాలాసేపు ఇతని ముఖం చూసిందట. ఇన్నేళ్లలో ఇండియాలో ఒక్కళ్లు కూడా ఆవిడని ఆ భాష గురించి ఏమీ అడగలేదు మరి.

అప్పట్నించి ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో పాఠం. ఆవిడ డెబ్బైయొకటిలో వెళ్లిపోతూ తన వ్యాకరణం పుస్తకం ఇతనికి ఇచ్చింది. దాసు నెలకొక ఉత్తరం డచ్చిలో రాసి హాలెండుకి పంపేవాడు. ఆవిడ జవాబు రాసి, దానితోపాటు ఇతని ఉత్తరాన్నే ఎర్రసిరాతో దిద్ది తిరిగి పంపేది. పదిహేడేళ్లు నడిచింది ఈ సంబరం. మొదట్లో వచ్చిన కాగితాలు కోడిని కోసినట్టుండేవి. చివర చివర్లో ఒక కాగితానికి మూడు చుక్కలో నాలుగు చుక్కలో ఎరుపు. ఎనభై ఎనిమిదిలో ఆవిడ పోయిందని ఆవిడ అక్క కూతురు రాసింది. ఆ మరుసటి వానాకాలం పుస్తకం చెదలు తినేసింది. ఉత్తరాలు బిస్కెట్ల డబ్బాలో ఉండబట్టి బతికాయి.

మనిషి పోయింది, పుస్తకం పోయింది, ఇంకేం మిగిలిందని ఎవరైనా వదిలేస్తారు. దాసు తొంభైరెండులో రిటైరై, తనే పుస్తకం రాయడం మొదలెట్టాడు. తెలుగు వాళ్లు డచ్చి నేర్చుకోడానికి. నల్లట్ట లాంగ్‌బుక్కు కొన్నాడు, గీతలు కొట్టాడు, ఒకటో పాఠం అని రాశాడు.

"ఎవలు సదువుతారు దాసూ ఇది?" అన్నాను.

"ఎవలో ఒకలు వస్తారు వొదినా. హెన్నీ సిస్టర్ దగ్గరికి నాను ఎల్లలేదా? అలాగే."

మా ఆయన అప్పటికే పోయారు. ఇంట్లో నేనూ, పక్కగదిలో దాసూ. ఎండలు ముదిరితే ఏజెన్సీ నించి చింతపండు లారీల్లో దిగేది. వ్యాపారస్తులు బస్తాలు ఇళ్లకి పంపితే మేం పెంకు కొట్టి, గింజ తీసి ఇచ్చేవాళ్లం. నేనూ, పక్కింటి గున్నమ్మా అరుగు మీద కూర్చుని రాయి మీద టకటకా కొడుతుంటే, దాసు లాంగ్‌బుక్కు పట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. రాసిన ప్రతి పాఠం ముందు నా మీద ప్రయోగించేవాడు.

"నీకు తలకెక్కితే ఎవలికైనా ఎక్కుతాది వొదినా. అందుకే నీకు సెప్తన్నాను."

"అంటే నాను మొద్దుననా?"

"కాదు, సదువుకోలేదని."

"రెండింటికీ తేడా ఏటో ఆ బుక్కులో రాయి ముందు."

గున్నమ్మ నవ్వి నవ్వి రాయి వేలి మీద కొట్టుకునేది.

ఒకటో పాఠం నేను, నువ్వు, అతను. "ఇక్ బెన్" అంటే నేను ఉన్నాను. "యై బెంట్", నువ్వున్నావు. "హై ఇస్", అతనున్నాడు. రెండోది పనిమాటలు. వెర్కెన్ అంటే పని చెయ్యడం. దాని తోక కోసేస్తే మిగిలిన వెర్క్ "నేను"కి. దానికి చివర్న ఒక "ట్" తగిలిస్తే "నువ్వు"కీ, "అతను"కీ. మూడోది వచ్చేసరికి నాకు మండుకొచ్చింది. వాళ్ల భాషలో ప్రతి వస్తువు పేరుకీ ముందు డె అనో హెట్ అనో రావాలట.

"ఇల్లుకి ముందు ఏటొస్తాది వొదినా? డె వొస్తాదా, హెట్ వొస్తాదా?"

"ఇల్లు ముందు అరుగొస్తాది."

"హెట్. హెట్ హౌస్. మగోడికి డె, ఆడదానికి డె. పసిపిల్లకి మాత్రం హెట్."

"ఎందుకలాగ?"

"కారణం నేదు. మాటతో పాటు దాన్నీ పట్టుకోవాల, అంతే."

"కారణం నేకుండా మీ అన్నని ముప్పై ఏళ్లు పట్టుకున్నాను. అది సాలదేటి? ఇంకా దీన్ని కూడానా?"

అతనికి కోపం వచ్చేది కాదు. నవ్వి, పెన్నుతో పక్కన ఏదో రాసుకునేవాడు. నేను ఎక్కడ విసుక్కుంటే అక్కడ పాఠం సులువు చెయ్యాలని గుర్తు పెట్టుకునేవాడట. తర్వాత తెలిసింది నాకు.

అయిదో పాఠానికి నా చింతపండు గంపలు నాలుగు వరసగా పేర్చాడు. రెండో గంపలో ఎప్పుడూ పనిమాటే ఉండాలి. "నేను ఇవాళ పని చేస్తాను" అంటే నేను మొదటి గంపలో. "ఇవాళ" అని ముందు మొదలెడితే, ఇవాళ మొదటి గంపలోకి వచ్చి కూర్చుంటుంది, నేను లేచి మూడో గంపలోకి పోవాలి. పనిమాట మాత్రం లేవదు.

"ఎవలొచ్చినా లేవదు వొదినా. రెండో పీట దానిదే."

"అయితే అది మా అత్త," అన్నాను. అది కూడా రాసుకున్నాడు.

తొమ్మిదో పాఠం రోజు పరిగెత్తుకు వచ్చాడు. అరవై దాటిన మనిషి. "ఎందుకంటే" అని మొదలెట్టిన మాటల్లో పనిమాట రెండో పీట వదిలి మన తెలుగులో లాగే ఆఖరికి పోతుందట. "మనలాగే వొదినా! అక్కడికొచ్చేసరికి ఆల్లూ మనమే!" అని అరుగు మీద చేత్తో కొట్టాడు. పదకొండోది ముక్కలయ్యే పనిమాటలు. ఒక ముక్క ముందు, ఒక ముక్క వాక్యం చివర. "కట్టు కట్టినట్టే," అన్నాడు. "ఒక కొస ఇక్కడ మొదలెడతాం, అన్నీ సుట్టీసినాక రెండో కొస ఆఖర్న దోపుతాం. మద్దెలో మనకి కావలసిందంతా."

ఇప్పుడు అసలు మాట చెప్తాను. నాకు ఇవన్నీ వచ్చేశాయి. ఏ పాఠమైనా రెండుసార్లు వింటే చాలు, కూర్చుండిపోయేది. చర్చిలో పాటలు కూడా నేను అలాగే నేర్చుకున్నాను, పుస్తకం చూసి కాదు. కానీ దాసుకి తెలియనివ్వలేదు. అడిగిన ప్రతిసారీ తప్పే చెప్పాను, లేదా "నోరు తిరగదు" అన్నాను. ఎందుకు? చిన్నప్పుడు బడిలో మేష్టారు తప్పు చెప్తే బెత్తంతో కొట్టేవారు, ఒప్పు చెప్తే ఏమీ అనేవారు కాదు. మరిది ముందు అరవై దాటిన నేను పలక పట్టిన పిల్లలా ఒప్పచెప్పడమేమిటని పొగరు. పైగా ఒప్పుకుంటే అతను గెలిచినట్టు. ఏం పందెం వేసుకున్నామని గెలుపూ ఓటమీ? చెప్పు.

రోజూ మూడు గంటలకి టీ పెట్టేదాన్ని. దాసు గుమ్మంలో నిలబడి "విల్ట్ యు తే?" అనేవాడు. టీ కావాలా అని. నేను "యా, ఖ్రాఖ్" అనాలి. అవును, సంతోషంగా అని. రెండే మాటలు.

"పెట్టింది నాను. నన్నడుగుతావేటి? పొయ్యి మీద ఉంది, పోసుకో," అనేదాన్ని.

"ఒక్కసారి అనీ వొదినా. నాను రాసింది ఒక మనిషి నోట్లోంచి రాగా ఇనాలని ఉంది."

"నాకు నోరు తిరగదు."

ఆ "యు" అన్న మాట సంగతి కూడా చెప్పాలి. వాళ్లకీ మనలాగే నువ్వూ, మీరూ వేరువేరు. యై అంటే నువ్వు, యు అంటే మీరు. దాసు కుర్రతనం నించీ నన్ను తెలుగులో నువ్వనే పిలిచాడు. డచ్చిలో మాత్రం ఒక్కరోజు కూడా యై అనలేదు. "నువ్వు పెద్దదానివి, నీకు యు యే," అనేవాడు. నన్ను మీరు అన్న వాళ్లు నా జీవితంలో ఎంతమందని? ఆ ఒక్క మనిషే, అదీ పరాయి భాషలో. దానికి నేనిచ్చిన మర్యాద ఏమిటంటే, పొయ్యి మీద ఉంది పోసుకో.

తొంభై ఏడు ఎండాకాలం. పన్నెండో పాఠం పట్టుకుని వచ్చాడు. ఆ రోజు అరుగు మీద నలుగురైదుగురు ఆడాళ్లు ఉన్నారు, చింతపండు ఎక్కువొచ్చింది. వాళ్లని నవ్వించాలని నా నాలుక దురద. దాసు ఇంకా పుస్తకం తెరవలేదు. నేనే అందుకున్నాను.

"ఒరే దాసూ, నర్సీపట్నంలో నీ డచ్చి మాటాడే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఎల్లి అద్దంలో సూసుకో, కనబడతాడు. ఆ దొరసానమ్మ సచ్చి తొమ్మిదేళ్లయినాది. ఎవలి కోసం ఈ సింగారం?"

ఆడాళ్లందరూ గొల్లుమన్నారు. దాసు కూడా నవ్వబోయాడు. పెదాలు కదిలాయి గానీ నవ్వు రాలేదు. పుస్తకం మూసి, గుడ్డలో చుట్టి, గదిలోకి పోయాడు. "కోపమొచ్చీసినాదేటే?" అంది గున్నమ్మ. "ఆడికి కోపమేటి, రేపు మళ్లీ వొస్తాడు," అన్నాను.

రాలేదు. మర్నాడు మూడు గంటలకి గుమ్మంలో నిలబడి "టీ అయ్యిందా వొదినా?" అన్నాడు, తెలుగులో. అయిదేళ్లు అలాగే అడిగాడు. రాయడం మానలేదు. కిటికీలోంచి వంగిన వీపు కనిపించేది. నాకు చదివి వినిపించడం మాత్రం మానేశాడు. నేనైనా "పన్నెండోది ఏమైంది?" అని అడగాలి కదా. అడగలేదు. రోజూ రేపు అడుగుదాం అనుకునేదాన్ని.

రెండు వేల రెండు, ఆగస్టు. దాసు వాలకం మారింది. తన గదికి తనే సున్నం వేసుకున్నాడు. గున్నమ్మ ఇంటి నించి ఒక కుర్చీ అరువు తెచ్చుకున్నాడు. కొత్త బాల్‌పెన్నులు రెండు కొన్నాడు. పొద్దున్నే లేచి ఈల వేస్తున్నాడు.

"ఏటిది, పెళ్లిసూపులేటి?" అన్నాను.

"అలాంటిదే అనుకో."

"ఏ గుడ్డి పిల్లో?"

నవ్వాడు. శుక్రవారం పొద్దున్న కుళాయి దగ్గర బిందె పెట్టి, వంగినవాడు లేవలేదు. నేను వెళ్లేసరికి బిందె నిండి పొర్లిపోతోంది. గుండె అన్నారు డాక్టరు గారు. ఎంతమంది కట్లు విప్పిన చేతులో, రెండూ తడి మట్టిలో ఉన్నాయి.

మా వాళ్లలో పెట్టె మూసే ముందు చనిపోయిన మనిషి బైబిలు గుండెల మీద పెడతారు. ఎవరిది వాళ్లదే పెట్టాలి. శనివారం పొద్దున్న చర్చి అయ్యగారు ప్రార్థన చేసి, "క్రీస్తుదాసు గారి బైబిలు తీసుకురండమ్మా" అన్నారు. గదిలోకి వెళ్లాను. బైబిలు బల్ల మీదే ఉంది. దాని పక్కనే గుడ్డలో చుట్టిన నల్లట్ట లాంగ్‌బుక్కు. రెండింటినీ చూశాను. నేను ఆ మనిషికి ఒక్క మర్యాద కూడా చెయ్యలేదు, ఇదొక్కటి చేస్తాను అనుకున్నాను. బైబిలు బల్ల మీదే ఉంచి, లాంగ్‌బుక్కు తీసుకెళ్లాను.

"ఇది బైబిలు కాదు కదమ్మా," అన్నారు అయ్యగారు.

"ఆడు రోజూ పట్టుకు కూసున్నది ఇదే అయ్యగారూ. బైబిలంతా ఆడికి కంఠతా వొచ్చు, దేవుడి దగ్గర సదివి అప్పజెప్పుతాడు. ఇది నేకుండా ఆడు ఎక్కడికీ ఎల్లలేడు."

అయ్యగారు తలూపారు. నా చేత్తోనే గుండెల మీద పెట్టాను. అతని రెండు చేతులూ తెచ్చి దాని మీద వేశాను. అందరూ ఏడ్చారు. ఎంత బాగా చేశావు ఎస్తేరమ్మా అన్నారు. నాకూ చాలా బాగా చేశానని అనిపించింది. రెండు రోజులు అలాగే అనిపించింది.

సోమవారం పదింటికి ఒక పిల్ల వచ్చింది. నాతవరం షేర్ ఆటో దిగి, అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకుంది. ఇరవై రెండేళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన చుడీదారు, చేతిలో కొత్త నోటుబుక్కు.

"దాసు తాతగారు ఉన్నారాండీ? నా పేరు షర్మిల. జాన్ పాల్ గారి అమ్మాయినండీ. డచ్చి పాఠాలు ఇయాల్టి నించి మొదలన్నారు."

నాకు మాట రాలేదు. నాకు, మాట రాలేదు! పిల్ల తనే గబగబా చెప్పుకుపోయింది. నర్సింగు పాసయింది. విశాఖపట్నంలో ఒక ఆఫీసు వాళ్లు నర్సులని హాలెండు పంపుతామన్నారు, కానీ నవంబరులో ఇంటర్వ్యూ, కాస్త డచ్చి వచ్చి ఉండాలి. వాళ్ల నాన్న జాన్ పాల్‌కి కుర్రతనంలో కాలికి పుండయితే దాసు నెల రోజులు కట్లు కట్టాడట. కట్టు విప్పుతూ డచ్చి లెక్కలు వినిపించేవాడట. అది గుర్తుండి జాన్ పాల్ వచ్చి బస్టాండులో దాసుని కలిశాడు.

"తాతగారు నోటుబుక్కంతా రెడీగా ఉందన్నారండీ. ఇరవై నాలుగు పాఠాలట. నాను కాపీ రాసుకోవచ్చు అన్నారు."

"నాకు సెప్పలేదేటమ్మా?" అన్నాను.

పిల్ల తడబడింది. "మా నాన్నతో అన్నారటండీ... వొదినకి ముందే సెప్పకండి, నవ్వుతాది. అమ్మాయికి నాలుగు ముక్కలొచ్చినాక తీసుకెల్లి వొదిన ముందు నిలబెట్టి మాటాడిస్తాను, అప్పుడు నమ్ముతాది అని."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. సున్నం వేసిన గది, అరువు కుర్చీ, బాల్‌పెన్నులు రెండు. నా నోటికి భయపడి దాచుకున్నాడు. దాచుకోబట్టి నాకు తెలియలేదు. తెలియకపోబట్టి, వచ్చిన ఒకే ఒక్క మనిషికి దక్కాల్సిందాన్ని నా చేత్తో నేనే పాతిపెట్టించాను.

దాసు పోయాడని చెప్పాను. పుస్తకం సంగతి కూడా చెప్పాను. పిల్ల ఏడ్చింది. ఎక్కువగా దేనికి ఏడ్చిందో నేను అడగలేదు. మంచినీళ్లిచ్చి, ఇక్కడే ఉండు అని చెప్పి, చెప్పులేసుకుని సమాధుల తోటకి వెళ్లాను.

గోతులు తవ్వే గంగులు గోడ నీడన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"గంగులూ, మొన్న పెట్టిన పెట్టె పైకి తియ్యాలి."

బీడీ నోట్లోంచి జారిపోయింది. "ఓలమ్మా! ఏటయినాది నీకు? దాసయ్యని తవ్వీమంటావేటి?"

"ఆడొద్దు. బుక్కు కావాల."

"అలాగ తియ్యకూడదమ్మా. అయ్యగారు ఒప్పుకోవాల, ఇంకా పైనోళ్లు ఒప్పుకోవాల. ఒప్పుకున్నా, శనోరం సాయంత్రం నించీ వాన సూసినావా? నీరు దిగిపోయుంటాది. కాయితం ఉంటాదేటి?"

నాకూ తెలుసు. ఆ ఎర్రమట్టి దిబ్బ వాన దెబ్బకి అప్పుడే ఒక పక్క కుంగింది. అయినా కదలబుద్ధి కాలేదు. గంగులుకి జాలేసింది కాబోలు, పక్కన వచ్చి నిలబడ్డాడు.

"అంత గొప్ప బుక్కా? ఏటుంటాదమ్మా అందులో?"

"ఏటుంటాదేటి. ఇక్ బెన్, యై బెంట్, హై ఇస్. వెర్కెన్ తోక కోసి ట్ పెట్టాల. ఇల్లుకి హెట్, మగోడికి డె. సిన్నయి ఏవైనా హెట్, పదిమంది ఉంటే అన్నీ డె. రెండో పీట మీద పనిమాట, ఎవలొచ్చినా లేవదు. ఎందుకంటే అంటే మాత్రం ఆఖరికి పోద్ది..."

ఊపిరాడకుండా చెప్పేశాను. గంగులు నోరు తెరుచుకుని విన్నాడు.

"నీకు వొచ్చు కదేటి? మరింక బుక్కెందుకు?"

ఆ మాట గంగులు ఊరికే అన్నాడు. అయిదేళ్లు ఒక మనిషి బతిమాలితే రాని మాటలు, బీడీ కాల్చుకునే గంగులు అడగ్గానే గడగడా వచ్చేశాయి. ఆ దిబ్బ మూరెడు దూరంలో ఉంది.

ఇంటికి వచ్చేసరికి షర్మిల బస్సుకని లేచి నిలబడింది.

"కూకో," అన్నాను. "పదకొండు పాఠాలు నాకొచ్చు. పన్నెండు నించీ నాను ఇన్లేదు. ఎందుకు ఇన్లేదని అడక్కు. రాసుకో."

దాసు గదిలో అరువు కుర్చీలో పిల్లని కూర్చోబెట్టి, నేను మంచం మీద కూర్చున్నాను. ప్రతి సోమవారం వచ్చేది. నేను నోటితో చెప్తే రాసుకునేది. అక్షరాలు ఎలా రాయాలో నాకు తెలియదు కాబట్టి, బిస్కెట్ల డబ్బాలోంచి ఉత్తరాలు తీసి, ఆ మాట అందులో ఎక్కడుందో వెతుక్కుని, హెన్నీ సిస్టర్ ఎర్రసిరా చూసి సరి చేసుకునేది. నా చింతపండు గంపలు కూడా వరసగా పేర్చాను. అత్త ముక్క కూడా చెప్పాను. పిల్ల పడి పడి నవ్వింది.

ఒకరోజు మూడు గంటలకి నేను పొయ్యి దగ్గరుంటే గుమ్మంలో నిలబడి, "విల్ట్ యు తే?" అంది. నేనే చెప్పాను కదా ఆ ముక్క. దాసు నిలబడే చోటే నిలబడింది.

"యా, ఖ్రాఖ్," అన్నాను.

నోరు బ్రహ్మాండంగా తిరిగింది. ఎప్పుడూ తిరిగేదే. చెంగుతో ముఖం కప్పుకుంటే, పొగ అనుకుని పిల్ల కిటికీ తెరిచింది.

నవంబరులో ఇంటర్వ్యూకి వెళ్లింది. పేరు, ఊరు, ఏం పని చేస్తావు, ఇంట్లో ఎంతమంది, అన్నీ చక్కగా చెప్పిందట. ఆ అడిగే ఆవిడ మెచ్చుకుందట కూడా. తర్వాత, నిన్న ఏం చేశావు, నర్సింగు ఎక్కడ నేర్చుకున్నావు అని అడిగింది. జరిగిపోయినవి ఎలా చెప్పాలో ఆ పిల్లకి రాదు. అవి పన్నెండో పాఠం నించి ఉంటాయి కాబోలు. తీసుకోలేదు. ఆ రోజు అరుగు మీద నేను నోరు మూసుకుని ఉంటే నాకు అవీ వచ్చి ఉండేవి.

షర్మిల నన్ను ఒక్క మాట అనలేదు. "పర్లేదు అమ్మమ్మా, మళ్లీ పిలుస్తారు," అంది. పిలవలేదు. ఇప్పుడు యలమంచిలిలో ఒక ఆసుపత్రిలో చేస్తోంది, పెళ్లయింది. వాళ్ల పాపకి లెక్కలు చెప్పేటప్పుడు ఫీర్ ఎన్ ట్వింటిఖ్ అంటుందట. ఆ మాట విని నేను నవ్వలేదు.

పోయిన సంవత్సరం వచ్చి ఒక లాంగ్‌బుక్కు ఇచ్చి వెళ్లింది. నల్లట్టే. పదకొండు పాఠాలూ అందంగా తిరగరాసింది, పైన దాసు పేరు పెట్టింది. పన్నెండు అని నంబరు వేసి, అక్కడి నించి ఖాళీ కాగితాలు వదిలింది. ఎవరైనా తెలిసినవాళ్లు దొరికితే రాయిద్దాం అంది. ఆ ఖాళీ కాగితాలు నేను అప్పుడప్పుడు తిరగేస్తాను. చదవడం రాకపోయినా, అవైతే చదవగలను కదా.

రాణీ, ఈ చివరి ముక్క పెద్ద అక్షరాలతో రాయి, మీ నాన్నకి కూడా చూపించు. నేను పోయినప్పుడు అందరూ పెట్టె చుట్టూ చేరి ఎస్తేరమ్మకి ఇదంటే ప్రాణం, గుండెల మీద పెడదాం అంటారు. ఊరుకోకండి. నా బైబిలు పెట్టండి, చాలు. లాంగ్‌బుక్కు ముందుగదిలో కిటికీ పక్క బల్ల మీద, వచ్చినవాళ్లకి కనిపించేలా ఉంచండి. గున్నమ్మ కుర్చీ తిరిగి ఇచ్చెయ్యకండి. అడిగితే నేను ఇవ్వొద్దన్నానని చెప్పండి.

ఏ సోమవారమో ఎవరైనా రావచ్చు.